ఆడ జర్నలిస్టులకు విడిగా సంఘం ఎందుకు? చరిత్ర తెలిసినవాళ్ళు చెప్పండి (విజయవాడ)

కృష్ణలంక_డెస్క్:

అందరికీ నమస్తే. నేను విజయవాడలో ఒక పత్రిక డెస్క్‌లో సబ్ ఎడిటర్‌ని (వచ్చిన వార్తల్ని దిద్ది పేజీలో పెట్టే పని), ఇది ఆరో ఏడు. మొన్న ఆదివారం సత్యనారాయణపురంలో మా ఫ్రెండ్ వాళ్ళింట్లో పదకొండు మందిమి కూర్చున్నాం. డెస్క్ వాళ్ళం ఆరుగురం, ఇద్దరు టీవీ రిపోర్టర్లు, ఒక ఫొటోగ్రాఫర్, ఒక పేజీ డిజైనర్, గుంటూరు జిల్లా నుంచి ఒక స్ట్రింగర్ (జీతం మీద కాకుండా రాసిన వార్తల లెక్కన డబ్బు తీసుకునే విలేకరి). ఆడ జర్నలిస్టులకు మనకంటూ ఒక సంఘం పెట్టుకుందాం అనుకున్నాం. టీ తాగడం అయిపోగానే మాలో ఒకమ్మాయే అడిగింది, "యూనియన్ ఉంది కదా, ప్రెస్ క్లబ్ ఉంది కదా, మళ్ళీ విడిగా ఎందుకు? వేరు కుంపటి పెట్టారని అనరా?" అని. నాకు జవాబు రాలేదు. మనసులో ఉంది కానీ మాటల్లో పెట్టలేకపోయాను.

మనసులో ఉన్నది ఇదీ. పోయిన ఎన్నికల కౌంటింగ్ రోజు నన్ను డెస్క్ నుంచి సెంటర్‌కి పంపారు. తెల్లవారుజామున అయిదింటికి వెళ్ళాను. మీడియాకి కేటాయించిన హాలు దగ్గర ఆడవాళ్ళకి టాయిలెట్ లేదు, ఉన్నది బారికేడ్లకి అవతల, అటు వెళ్తే మళ్ళీ లోపలికి రానివ్వరు. పొద్దున కొన్న అర లీటరు నీళ్ళ సీసా రాత్రి తొమ్మిదింటికి కూడా సగానికి తగ్గలేదు. గొంతు ఎండిపోయినప్పుడల్లా మూత తీసి పెదాలు తడుపుకోవడం, మళ్ళీ మూత పెట్టడం. ఆ రోజు అక్కడ మేం నలుగురం ఆడవాళ్ళం, నలుగురిదీ అదే పరిస్థితి. ఎవరికి చెప్పాలో ఎవరికీ తెలియలేదు.

ఇలాంటి సంఘాలు అసలు ఎక్కడ, ఎందుకు మొదలయ్యాయి, మన తెలుగులో ఏమైనా చరిత్ర ఉందా, తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి. వచ్చే ఆదివారం మళ్ళీ కూర్చుంటున్నాం.

పాత_సబ్_గవర్నర్‌పేట:

అమ్మాయ్, నీ జవాబు ఆ నీళ్ళ సీసాలోనే ఉంది. వచ్చే ఆదివారం ముందు అదే చెప్పు.

నేను 1986లో చేరాను. ఎడిటోరియల్ మొత్తంలో ఇద్దరం ఆడవాళ్ళం, ఇద్దరికీ పగటి డ్యూటీయే. ఫీచర్లు, పాఠకుల ఉత్తరాలు, వంటల పేజీ. నైట్ షిఫ్ట్ అడిగితే ఫ్యాక్టరీల చట్టం ఒప్పుకోదు అనేవాళ్ళు. ఆ 1948 చట్టంలో సాయంత్రం ఏడు నుంచి పొద్దున ఆరు దాకా ఆడవాళ్ళతో పనిచేయించకూడదని అప్పట్లో ఉన్న మాట నిజమే, కానీ అది మెషీన్ల దగ్గర పనిచేసే కార్మికుల కోసం రాసింది, మేం కూర్చునేది పై అంతస్తులో, వార్తలు టైపై వచ్చే టెలిప్రింటర్ పక్కన. కింద ప్రింటింగ్ మెషీన్ కోసం రాసిన రూలు పైన మా కుర్చీకి తెచ్చి తగిలించారు. పైకి చూస్తే మా క్షేమం కోసమే అన్నట్టు ఉంటుంది. కానీ నైట్ చేయనివాళ్ళకి మొదటి పేజీ చేతికి రాదు, మొదటి పేజీ పెట్టనివాళ్ళు చీఫ్ సబ్ (సబ్ ఎడిటర్ల మీద పెద్ద) కారు. నాతో పాటు చేరిన మగపిల్లలు అయిదేళ్ళలో షిఫ్ట్ ఇన్‌ఛార్జులయ్యారు, నేను మాత్రం అదే వంకాయ కూర ప్రూఫులు దిద్దుతూ ఉన్నాను.

ఇద్దరం కలిసి ఉత్తరం రాశాం. ఒక్కదాన్నే రాస్తే "ఆవిడకి పొగరు" అనేవాళ్ళు. ఇద్దరు సంతకం పెడితే అది విజ్ఞప్తి అయింది. మూడు నెలలకి ఒప్పుకున్నారు, "ఇంటికి వెళ్ళడం మీ బాధ్యత" అని. మా ఆయన స్కూటర్ మీద వచ్చి రెండుంబావు దాకా టీ బండి దగ్గర కూర్చునేవారు. రెండో ఆవిడది గుంటూరు. ఆవిడ గుంటూరు వెళ్ళే పేపర్ వ్యాన్ ముందు సీట్లో, డ్రైవర్‌కీ తలుపుకీ మధ్య ఒళ్ళో బ్యాగు పెట్టుకుని వెళ్ళేది. వెనక అప్పుడే మెషీన్ దిగిన కట్టలు ఇంకా వెచ్చగా ఉండేవి, చలికాలం వీపు ఆనించుకుంటే బాగుండేదని చెప్పేది. ఏడాదిన్నర అలాగే వెళ్ళింది. ఆ తరవాత ఇంకో ముగ్గురమ్మాయిలు చేరాక అయిదు సంతకాలతో మళ్ళీ ఉత్తరం రాస్తే అప్పుడు జీపు ఇచ్చారు.

మాకు సంఘం అనే పేరు లేదు. రిజిస్ట్రేషన్ లేదు, బోర్డు లేదు. అందుకే మేం రిటైరయ్యాక ఆ ఉత్తరాల కాపీలు కూడా ఎవరి దగ్గరా మిగల్లేదు. నువ్వు సంఘం పెట్టాల్సిన అసలు కారణం నా దృష్టిలో అదే, మీ తరవాత వచ్చే అమ్మాయి మళ్ళీ మొదటి ఉత్తరం నుంచి మొదలుపెట్టకూడదు.

జర్నలిజం_టీచర్_గుంటూరు:

పై అక్కగారి పోస్టు మా క్లాసులో చదివి వినిపిస్తాను, అభ్యంతరం ఉంటే చెప్పండి.

ఎక్కడ మొదలయ్యాయి అన్నారు కదా. లండన్‌లో 1894లోనే మహిళా జర్నలిస్టుల సొసైటీ పెట్టారు, అది ఇప్పటికీ నడుస్తోంది, రచయిత్రుల్ని కూడా కలుపుకుని. కానీ నాకు అన్నిటికంటే ఇష్టమైనది కెనడా కథ. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పెద్ద ప్రపంచ ప్రదర్శన జరుగుతుంటే, కెనడియన్ పసిఫిక్ రైల్వే మగ విలేకరులకి ఉచితంగా టికెట్లిచ్చి తీసుకెళ్తోంది. మార్గరెట్ గ్రాహం అనే రిపోర్టరు ఆ రైల్వే ప్రచార అధికారి జార్జ్ హామ్ దగ్గరికి నేరుగా వెళ్ళి, ఆడవాళ్ళని ఎందుకు తీసుకెళ్ళరు అని అడిగింది. పత్రికల్లో నిజంగా పనిచేసే ఆడవాళ్ళని ఒక డజను మందిని చూపించు, తీసుకెళ్తా అన్నాడాయన. ఆమె చూపించింది. మొత్తం పదహారు మంది వెళ్ళారు, ఇంగ్లీషులో రాసేవాళ్ళూ ఫ్రెంచిలో రాసేవాళ్ళూ కలిసి. అప్పటిదాకా ఎవరి ఊళ్ళో వాళ్ళు ఒంటరిగా పనిచేసుకుంటున్నవాళ్ళు. తిరుగు ప్రయాణంలో ఆ రైల్లోనే కెనడియన్ విమెన్స్ ప్రెస్ క్లబ్ పెట్టేసుకున్నారు. మొదటి అధ్యక్షురాలు కిట్ కోల్‌మన్, 1898లో స్పెయిన్, అమెరికా యుద్ధం గురించి రాయడానికి క్యూబా దాకా వెళ్ళినావిడ. ఆ క్లబ్బు వందేళ్ళు నడిచి 2004లో మూతబడింది. మీ సత్యనారాయణపురం మీటింగ్ గురించి చదవగానే నాకు ఆ రైలుపెట్టె గుర్తొచ్చింది.

రెండోది వాషింగ్టన్. అక్కడి నేషనల్ ప్రెస్ క్లబ్ 1908లో మగవాళ్ళకి మాత్రమే అని మొదలైంది. ఆడవాళ్ళు 1919లో వాళ్ళ సొంత విమెన్స్ నేషనల్ ప్రెస్ క్లబ్ పెట్టుకున్నారు. దేశాధ్యక్షులు, విదేశాల నుంచి వచ్చిన నాయకులు మాట్లాడేది మాత్రం మగవాళ్ళ క్లబ్బులోనే, భోజనం మీద. వార్త అక్కడ పుడుతుంది, ఆడవాళ్ళకి ప్రవేశం లేదు. గొడవ చేస్తే చేస్తే 1955లో బాల్కనీలోకి రానిచ్చారు. కింద మగవాళ్ళు బల్లల దగ్గర భోంచేస్తూ ప్రశ్నలు అడుగుతుంటే, పైన టీవీ లైట్ల వేడిలో ఇరుక్కుని నిలబడి రాసుకోవాలి. భోజనం లేదు, ప్రశ్న అడిగే హక్కు లేదు. 1959లో సోవియట్ నాయకుడు కృశ్చేవ్ వచ్చినప్పుడు మాత్రం కింద హాల్లోకి కొంతమందిని రానిచ్చారు, అప్పటి మహిళా క్లబ్ అధ్యక్షురాలు హెలెన్ థామస్ ముఖ్య అతిథుల బల్ల దగ్గరే కూర్చున్నారు. ఆ తరవాత మళ్ళీ బాల్కనీయే. 1963లో నల్లజాతివాళ్ళ హక్కుల కోసం వాషింగ్టన్‌లో ఆ చరిత్రాత్మక ప్రదర్శన జరగబోయే ముందు, దాని నాయకుడు రాండాల్ఫ్ ఆ క్లబ్బులోనే మాట్లాడితే, సమానత్వం గురించిన ఆ ప్రసంగాన్ని కూడా ఆడవాళ్ళు బాల్కనీ నుంచే వినాల్సి వచ్చింది. 1971లో గానీ సభ్యత్వం ఇవ్వలేదు. 1985లో రెండు క్లబ్బులూ కలిసిపోయాయి.

వేరు కుంపటి అన్నారే, వేరుగా ఉండాలని వాళ్ళకేమీ సరదా లేదు. లోపలికి రానివ్వలేదు కాబట్టి బయట పెట్టుకున్నారు.

ఇంకొక్క సంగతి చెప్పి ఆపేస్తా. 1933లో అమెరికా అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్వెల్ట్ తన ప్రెస్ మీట్లకి ఆడ రిపోర్టర్లే రావాలని పెట్టింది. ఆర్థిక మాంద్యంతో పత్రికలు అందర్నీ ఇంటికి పంపేస్తున్న రోజులు. ఆవిడ చెప్పేది కావాలంటే ఒక ఆడమనిషిని ఉద్యోగంలో ఉంచుకోక తప్పని పరిస్థితి వచ్చింది. ఎన్ని ఉపన్యాసాలిస్తే అంత పని జరుగుతుంది?

లెనిన్‌సెంటర్_రిపోర్టర్:

నేను ముప్పై ఏళ్ళుగా యూనియన్‌లో ఉన్నవాణ్ణి, నా మాట కూడా వినండి. 1955 వర్కింగ్ జర్నలిస్టుల చట్టం ఊరికే రాలేదు. పగలు ఆరు గంటలు, రాత్రి అయిదున్నర గంటలు మించి షిఫ్ట్ ఉండకూడదని కాగితం మీదకి ఎక్కిందంటే దాని వెనక సంఘాలున్నాయి. మన జీతాలు నిర్ణయించిన మజీఠియా వేజ్ బోర్డు 2011లో నోటిఫై అయ్యాక యాజమాన్యాలు సుప్రీం కోర్టుకి వెళ్తే, 2014 ఫిబ్రవరిలో తీర్పు మన వైపు వచ్చిందంటే అదీ సంఘాల బలమే. ఆ బలాన్ని ముక్కలు చేసుకుంటే నష్టం అందరికీ. కాబట్టి చెల్లెమ్మలూ, మీ సంఘం పెట్టుకోండి కానీ యూనియన్ సభ్యత్వం మాత్రం వదులుకోవద్దు.

అయితే పై రెండు పోస్టులూ చదివాక నేనూ ఒక విషయం ఒప్పుకోవాలి. ఇన్నేళ్ళలో మా డిమాండ్ల కాగితాల్లో ఇళ్ళ స్థలాలు, హెల్త్ కార్డులు, అక్రిడిటేషన్లు (ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు), బస్ పాసులు అన్నీ రాశాం. కౌంటింగ్ సెంటర్లో ఆడవాళ్ళకి టాయిలెట్ అని ఒక్కసారి కూడా రాయలేదు. రాయకూడదని కాదు, కాగితం రాసేటప్పుడు ఆ గదిలో ఆ అవసరం ఉన్న మనిషి లేదు. ఈసారి మీరు రాసివ్వండి, జిల్లా అధికారుల దగ్గరికి నేను కూడా వస్తా.

ఢిల్లీలో_బ్రాడీపేట:

పుట్టిల్లు గుంటూరు, ఉద్యోగం ఢిల్లీ. ఇక్కడ ఇండియన్ విమెన్స్ ప్రెస్ కార్ప్స్ అని ఉంది. 1994లో పద్దెనిమిది మంది కలిసి పెట్టారు, మొదటి అధ్యక్షురాలు మృణాల్ పాండే. 5, విండ్సర్ ప్లేస్‌లో బంగళా. ఉద్యోగంలో కొత్తగా చేరి ఢిల్లీ వచ్చినప్పుడు రెండు ప్రెస్ మీట్ల మధ్య మూడు గంటలు ఖాళీ వస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. ఎండలో మెట్రో స్టేషన్ మెట్ల మీద కూర్చుని లాప్‌టాప్‌లో టైప్ చేసేదాన్ని. మగవాళ్ళు ఏ టీ కొట్టు దగ్గరైనా నిలబడగలరు, మనం అరగంట నిలబడితే నలుగురు చూస్తారు. అలాంటిది ఒక ఫ్యాన్ కింద కూర్చుని స్టోరీ రాసుకుని, ఒక ముద్ద తిని, ముఖం కడుక్కునే చోటు దొరకడం అంటే ఏంటో అనుభవిస్తే గానీ తెలియదు. అక్కడే పెద్దవాళ్ళ పరిచయాలు, అక్కడే మంత్రులతో మీట్లు.

అదొక్కటే కాదు. 2025 అక్టోబర్ 10న అఫ్ఘానిస్తాన్ విదేశాంగ మంత్రి ముత్తఖీ ఢిల్లీలో వాళ్ళ ఎంబసీలో ప్రెస్ మీట్ పెడితే ఆడ జర్నలిస్టుల్ని లోపలికి రానివ్వలేదు. మన దేశ రాజధానిలో, మన కళ్ళ ముందు! టీచర్ గారు చెప్పిన బాల్కనీ కూడా లేదక్కడ. ప్రెస్ కార్ప్స్, ఎడిటర్స్ గిల్డ్, ఇంకా చాలామంది గట్టిగా ఖండించారు. రెండు రోజులకి, 12న, మళ్ళీ ప్రెస్ మీట్ పెట్టక తప్పలేదు. ఈసారి ఆడవాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు, అఫ్ఘాన్ ఆడపిల్లల చదువు గురించి ముఖం మీదే అడిగారు. ఏ ఒక్కరో విడిగా గొడవ చేస్తే అంత తొందరగా కదిలేదా? అంతకుముందు ముప్పై ఏళ్ళుగా సంఘం ఉంది కాబట్టి గంటల్లో ప్రకటన వచ్చింది.

బంగళా, ఆఫీసు ఇవన్నీ మనవల్ల ఎక్కడవుతాయి అనుకోకండి. నెట్‌వర్క్ ఆఫ్ విమెన్ ఇన్ మీడియా అని 2002 జనవరిలో మొదలైంది. దానికి అధ్యక్షురాలు లేదు, కేంద్ర కార్యాలయం లేదు. ఊరూరా చిన్న గుంపులు, అందర్నీ కలిపే ఈమెయిల్ గ్రూపు, ఏడాదికోసారి ఏదో ఒక ఊళ్ళో కలుసుకోవడం. ఎక్కడైనా ఒక రిపోర్టర్ మీద దాడి జరిగితే వాళ్ళ ప్రకటన వస్తుంది. మీకు ఏ పద్ధతి కుదురుతుందో మీరే చూసుకోండి.

అరండల్‌పేట_మాస్టారు:

ఆలస్యంగా చూశాను. లండన్, వాషింగ్టన్ బాగానే ఉన్నాయమ్మా, మన గోదావరి కృష్ణా జిల్లాలు కూడా చెప్పుకోవాలి.

1902లో ఏలూరు నుంచి 'హిందూ సుందరి' మాసపత్రిక వచ్చింది. పెట్టినాయన సత్తిరాజు సీతారామయ్య, కానీ సంపాదకత్వం ఆడవాళ్ళకి అప్పగించారు, మొసలికంటి రమాబాయమ్మ, వెంపల్లి శాంతాబాయమ్మ. కాకినాడలో పులుగుర్త లక్ష్మీనరసమాంబ 'సావిత్రి' పత్రిక నడిపారు. ఆడపిల్లకి అక్షరాలు నేర్పితే మొగుడు చచ్చిపోతాడని నమ్మే రోజుల్లో ఆడవాళ్ళు ప్రూఫులు దిద్ది, చందాలు వసూలు చేసి, పోస్టులో పంపారు.

అన్నిటికంటే ముఖ్యం భండారు అచ్చమాంబ. మీ విజయవాడకి ఎంతో దూరం కాని పెనుగంచిప్రోలులో పుట్టారు, 1874లో. కొమర్రాజు లక్ష్మణరావు గారి అక్క. బడి మొహం చూడకుండా, తమ్ముడి చదువు పక్కన కూర్చుని చదువుకున్నారు. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' పేరుతో స్త్రీల చరిత్రలు రాశారు, హిందూ సుందరిలో కథలూ వ్యాసాలూ రాశారు. అదే 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బందరులో 'బృందావన స్త్రీ సమాజం' పెట్టారు. పత్రిక, సమాజం, రెండూ ఒకే ఏడాది గమనించండి. పత్రికలో రాసినామె, చదివినామె ఒకచోట కూర్చోవాలనుకున్నారు. ఆ తరవాత ఊళ్ళు తిరిగి ఇంకా సమాజాలు పెట్టించారు. 1905లో, ముప్పై ఏళ్ళకే పోయారు. అది జర్నలిస్టుల సంఘం కాదు, నిజమే. కానీ రాసే ఆడవాళ్ళు సంఘం పెట్టుకోవడం మనకి కొత్త కాదు అని ఆ అమ్మాయికి ధైర్యంగా చెప్పొచ్చు.

తరవాతి కాలంలో నూజివీడులో పుట్టిన మాలతీ చందూర్ ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షిక కొన్ని దశాబ్దాలు నడిపారు. మా అమ్మ ఆ పేజీలు కత్తిరించి బియ్యం డబ్బా మీద పెట్టిన పుస్తకంలో అతికించుకునేది, మైదాపిండి జిగురుతో. మన ఇళ్ళలో ఆడవాళ్ళు ఒక జర్నలిస్టుని సొంత మనిషిలా నమ్మడం నేను చూసింది అక్కడే.

కృష్ణలంక_డెస్క్:

అందరికీ చాలా థాంక్స్. మాస్టారూ, పెనుగంచిప్రోలు నేను తిరునాళ్ళకి ఎన్నోసార్లు వెళ్ళాను, ఆవిడది ఆ ఊరని ఇవాళే తెలిసింది.

మాకు ఇంకో పెద్ద అనుమానం ఉంది. మాలో స్ట్రింగర్‌కి అపాయింట్‌మెంట్ ఆర్డర్ లేదు, లైన్ అకౌంటే (అచ్చయిన లైన్ల లెక్కన డబ్బు). డిజైనర్‌ని జర్నలిస్టు అనొచ్చా అని ఒకళ్ళు అన్నారు. సభ్యత్వం ఎవరికివ్వాలి? రిజిస్టర్ చేయాలా వద్దా?

జర్నలిజం_టీచర్_గుంటూరు:

రిజిస్టర్ చేయండి. 2001 నాటి మన ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు ఉంటే చాలు, మీరు పదకొండు మంది ఉన్నారు. సంఘం ఆశయాలు, బైలాలు రాసుకుని జిల్లా రిజిస్ట్రార్‌కి పెట్టాలి. బైలాల్లో సభ్యత్వం దగ్గరే జాగ్రత్త. అపాయింట్‌మెంట్ ఆర్డర్ ఉన్నవాళ్ళకే అని రాశారంటే మీకంటే ఎక్కువ అవసరం ఉన్న మండలం రిపోర్టర్ బయటే ఉండిపోతుంది. వార్త పనిలో ఏడాదిగా ఉన్న ఆడవాళ్ళెవరైనా అని రాసుకోండి.

ఇంకోటి. 2013 లైంగిక వేధింపుల చట్టం స్ట్రింగర్లకి, ట్రైనీలకి కూడా వర్తిస్తుంది. పదిమంది, ఆపైన ఉన్న ఆఫీసులో అంతర్గత కమిటీ ఉండాలి, అంతకంటే తక్కువుంటే, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే, జిల్లాలో స్థానిక కమిటీకి వెళ్ళొచ్చు. మామూలుగా మూడు నెలల లోపు ఫిర్యాదు ఇవ్వాలి, ఇది చాలామందికి తెలియక గడువు దాటిపోతోంది. మీ మొదటి పని ఏ ఆఫీసులో కమిటీ ఉందో, సభ్యులెవరో ఒక కాగితం మీద రాసుకోవడం.

పాత_సబ్_గవర్నర్‌పేట:

డిజైనర్ లేకుండా పేజీ దిగుతుందా? ఆ అమ్మాయిని చేర్చుకోండి. రాత్రి రెండింటికి మీతో పాటే కదా ఇంటికి వెళ్ళేది.

ఒక మందపాటి నోట్‌బుక్ కొనండి. ఇచ్చిన ప్రతి కాగితం కాపీ, తేదీ, ఎవరు తీసుకున్నారు, ఏం చెప్పారు, అన్నీ అందులో రాయండి. వాట్సాప్‌లో కాదు, ఫోన్ మారితే పోతుంది. నోట్‌బుక్ ఏడాదికొకరింట్లో ఉండాలి. టీచర్ గారూ, నా పోస్టు క్లాసులో చదవండి, నాకేం అభ్యంతరం లేదు.

కృష్ణలంక_డెస్క్:

నోట్‌బుక్ ఇవాళే కొంటాను. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, అదే ఇల్లు. సాయంత్రం ఆరుకల్లా వదిలేస్తాం, మా స్ట్రింగర్ ఊరికి చివరి బస్సు గుంటూరు నుంచి ఎనిమిదింటికి. మొదటి కాగితం కౌంటింగ్ సెంటర్ల గురించే రాస్తున్నాం, లెనిన్ సెంటర్ అన్నయ్యా, మీరు వస్తానన్నారు, గుర్తుంచుకోండి. గవర్నర్‌పేట అక్కా, ఆ గుంటూరు ఆవిడ నంబరు మీ దగ్గర ఉంటే ఆవిడ్ని కూడా తీసుకురండి, పేపర్ వ్యాన్ సంగతి ఆవిడ నోటి నుంచే విని మొదటి పేజీలో రాసుకుంటాం.

పాత_సబ్_గవర్నర్‌పేట:

ఉంది. ఇప్పుడే ఫోన్ చేశాను, మోకాళ్ళ నొప్పులట, ఆటోలో అయితే వస్తానంది. ఇల్లు ఎన్నో అంతస్తో చెప్పమ్మా.

కృష్ణలంక_డెస్క్:

కిందే అక్కా. మెట్లు లేవు.